పంటి బాధలో అత్యవసరం ఏది? గుర్తించవలసిన లక్షణాలు, తక్షణం చేయవలసినవి

పంటి నొప్పితో రాత్రంతా నిద్ర లేకుండా గడిపిన వ్యక్తి తనదే అన్నిటికన్నా అత్యవసర పరిస్థితి అనుకోవడం సహజం. ఆటస్థలంలో ముందుపన్ను ఊడిపడిన పిల్లవాడికి పావుగంటలో నొప్పి తగ్గిపోతే, సాయంత్రం చూపిద్దాంలే అని పెద్దలు ఊరుకుంటారు. నాలుగు రోజులు బాధించిన పుచ్చు పన్ను ఒక్కసారిగా శాంతించి, దవడ కింద వాపు మొదలైతే, నొప్పి పోయిందన్న ఊరటలో ఇంటివారు ఆ వాపును లెక్కచేయరు. ఈ ముగ్గురిలో మొదటి వ్యక్తి సాధారణంగా తెల్లవారేవరకు ఆగవచ్చు. రెండవ వ్యక్తికి ఉన్న వ్యవధి నిమిషాలే. మూడవ వ్యక్తికి ప్రాణాపాయమే ఉండవచ్చు.

దంత సమస్యల్లో నొప్పి తీవ్రత వేరు, ప్రమాద తీవ్రత వేరు. ఈ తేడా తెలియకపోవడం వల్లనే కొందరు దక్కవలసిన పన్నును పోగొట్టుకుంటారు, మరికొందరు ఆసుపత్రికి ఆలస్యంగా చేరుతారు. ప్రపంచవ్యాప్తంగా దాదాపు 350 కోట్ల మంది నోటి వ్యాధులతో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక పేర్కొంది. సుమారు 100 కోట్ల మందికి పళ్ళకు ఏదో ఒక గాయం అయి ఉంటుందని కూడా ఆ సంస్థ అంచనా. కాబట్టి ఈ విషయాలు ప్రతి ఇంటికీ, ప్రతి పాఠశాలకూ అవసరమైనవే.

మూడు తరగతులు

పంటి సమస్య ఎదురైనప్పుడు దానిని మూడు తరగతుల్లో ఏదో ఒకదానిలో పెట్టి చూస్తే నిర్ణయం తేలికవుతుంది.

మొదటిది, ప్రాణానికి ముప్పు ఉన్నది. మింగలేకపోవడం, ఊపిరి ఆడకపోవడం, మెడకు లేదా కంటికి పాకుతున్న వాపు, ఆగని రక్తస్రావం, తలకు దెబ్బతో కూడిన దవడ గాయం ఈ తరగతిలోకి వస్తాయి. ఇటువంటప్పుడు పెద్ద ఆసుపత్రి అత్యవసర విభాగానికే వెళ్ళాలి. దంత వైద్యశాల తెరిచేవరకు వేచి ఉండరాదు.

రెండవది, పంటికి ముప్పు ఉన్నది. ఊడిపోయిన శాశ్వత దంతం, దెబ్బకు స్థానం తప్పిన పన్ను, లోపలి ఎర్రని భాగం కనిపించేలా విరిగిన పన్ను ఇందులోకి వస్తాయి. ఇక్కడ గంటలు కాదు, నిమిషాలు లెక్కించాలి.

మూడవది, బాధే తప్ప తక్షణ ముప్పు లేనిది. వాపు, జ్వరం లేని పంటి నొప్పి, ఊడిన క్యాప్, రాలిన సిమెంటు, కొద్దిగా చిట్లిన పన్ను ఈ కోవలోనివి. ఒకటి రెండు రోజుల్లో దంత వైద్యులకు చూపించాలి. అప్పటివరకు ఉపశమన మార్గాలు ఉన్నాయి.

వాపు ఎప్పుడు ప్రమాదకరం?

పన్ను పుచ్చి, లోపలి రక్తనాళాలు, నరాలు ఉన్న మెత్తని భాగం వరకు సూక్ష్మజీవులు చేరినప్పుడు తీవ్రమైన నొప్పి పుడుతుంది. ఆ భాగం పూర్తిగా నశించిన తరువాత నొప్పి ఉన్నట్టుండి తగ్గిపోతుంది. జబ్బు నయమైందని చాలామంది పొరబడేది ఇక్కడే. నిజానికి ఇన్ఫెక్షన్ వేరు కొస నుంచి ఎముకలోకి, అక్కడి నుంచి చుట్టుపక్కల మెత్తని కణజాలంలోకి సాగుతూ ఉంటుంది.

కింది దవడలోని చివరి రెండు దంతాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. నోటి అడుగుభాగాన్ని మోసే ఒక పలుచని కండరం ఉంది. ఈ దంతాల వేళ్ళ కొసలు ఆ కండరం అతుక్కునే గీతకు దిగువన ఉంటాయి. అందువల్ల అక్కడ పుట్టిన చీము నోటిలోకి రాకుండా నేరుగా దవడ కిందికి, మెడ వైపునకు దారి చేసుకోగలదు. నాలుక కింద, దవడ కింద రెండు వైపులా వాపు వేగంగా గట్టిపడే స్థితిని జర్మన్ వైద్యుడు విల్‌హెల్మ్ ఫ్రెడరిక్ ఫాన్ లుడ్‌విగ్ 1836లో వర్ణించారు. ఆయన పేరు మీదనే దానిని నేటికీ లుడ్‌విగ్స్ యాంజైనా అంటున్నారు. గుండె నొప్పికి వాడే యాంజైనా అన్న పదం ఇందులో ఉన్నా, దీనికి గుండెతో సంబంధం లేదు. వాపు నాలుకను పైకి, వెనక్కు నెట్టి శ్వాసమార్గాన్ని మూసివేయడం ఇందులోని ప్రాణాపాయం.

ఈ కింది లక్షణాల్లో ఏ ఒక్కటి కనిపించినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తరలించాలి.

• వాపు దవడ కిందికి, మెడకు పాకడం. తాకితే గట్టిగా చెక్కలా ఉండడం

• లాలాజలాన్ని కూడా మింగలేక నోటి నుంచి కారడం

• నాలుక పైకి లేచినట్లు ఉండడం, మాట ముద్దగా రావడం

• నోరు తెరవలేకపోవడం. పెద్దవారి నోటిలో ముందుపళ్ళ మధ్య సాధారణంగా మూడు వేళ్ళు నిలువుగా పడతాయి. నిన్నటి వరకు పట్టి, నేడు రెండు వేళ్ళు కూడా పట్టకపోతే ఇన్ఫెక్షన్ లోపలి కండరాలకు చేరిందని అనుమానించాలి

• పై పన్ను నొప్పితో మొదలై కంటి చుట్టూ వాచి రెప్ప మూసుకుపోవడం, చూపు మసకబారడం, తీవ్రమైన తలనొప్పి

• చలితో కూడిన జ్వరం, గుండె దడ, మగత

గుట్కా, వక్క, ఖైనీ అలవాటు ఉన్నవారిలో నోరు క్రమేణా బిగిసిపోవడం వేరే వ్యాధి. అది నెలలు, సంవత్సరాల మీద జరుగుతుంది. ఒకటి రెండు రోజుల్లో వాపుతో పాటు నోరు బిగుసుకుపోవడమే ఇక్కడ చెప్పుకుంటున్న అత్యవసర లక్షణం.

ఆసుపత్రికి తీసుకువెళ్ళేటప్పుడు బాధితుడిని వెల్లకిలా పడుకోబెట్టరాదు. కూర్చోబెట్టి, కొద్దిగా ముందుకు వంగి ఉండేలా చూడాలి. అత్తెసరు శ్వాసతో ఉన్నవారికి తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వరాదు. వాపు మీద వేడి కాపడం పెట్టరాదు. చీము పైకి వస్తుందని సూదితో, బ్లేడుతో గుచ్చడం ప్రమాదకరం. ఆసుపత్రిలో ముందుగా శ్వాసమార్గాన్ని కాపాడి, నరం ద్వారా మందులు ఇచ్చి, అవసరమైతే శస్త్రచికిత్సతో చీము తొలగిస్తారు. కారణమైన పన్నుకు చికిత్స కూడా అందులో భాగమే.

ఊడిపోయిన పన్ను: నిమిషాల లెక్క

పన్ను దవడ ఎముకలో గోడకు కొట్టిన మేకులా బిగుసుకుని ఉండదు. వేరుకూ ఎముకకూ మధ్య సన్నని పీచుల పొర ఒకటి ఉండి, పన్నును ఊయలలా పట్టి ఉంచుతుంది. దెబ్బకు పన్ను ఊడినప్పుడు ఈ పొర చిరిగి, సగం వేరుకు అంటుకుని బయటకు వస్తుంది. ఆ కణాలు బతికి ఉంటే పన్ను తిరిగి అతుక్కుంటుంది. గాలికి ఎండిన కొద్దీ అవి చనిపోతూ ఉంటాయి. పొడిగా ఒక గంట గడిస్తే దాదాపు అన్నీ నశిస్తాయి. అందుకే పిల్లవాడి పన్నును జేబురుమాలులో, కాగితంలో చుట్టి భద్రంగా తీసుకురావడం మంచి ఉద్దేశంతో చేసే పెద్ద పొరపాటు.

చేయవలసిన క్రమం ఇది. పన్నును వెదికి, నోటిలో పైకి కనిపించే తెల్లని భాగాన్ని మాత్రమే పట్టుకోవాలి. వేరును తాకరాదు. మట్టి అంటి ఉంటే పాలతో గానీ సెలైన్‌తో గానీ కొద్దిగా కడగాలి. అవి లేకపోతే చల్లని నీటి ధార కింద 10 సెకన్లకు మించకుండా చూపాలి. సబ్బు, డెట్టాల్ వంటివి వాడరాదు. గుడ్డతో తుడవరాదు, గోకరాదు. బాధితుడు స్పృహలో ఉండి సహకరిస్తే, పక్క పన్ను ఆధారంగా ముందువెనుకలు సరిచూసి, అదే గుంటలో మెల్లగా నొక్కి కూర్చోబెట్టాలి. ఆపై శుభ్రమైన రుమాలు మడిచి, పళ్ళ మధ్య కొరికి పట్టుకోమని చెప్పి, వెంటనే దంత వైద్యుల వద్దకు బయలుదేరాలి. అన్నిటికన్నా మేలైన మార్గం ఇదే.

చాలామందికి ఆ ధైర్యం చాలకపోవచ్చు. అప్పుడు పన్నును తడిగా ఉంచడమే ముఖ్యం. ప్యాకెట్‌పై ఉన్న సూచన ప్రకారం కలిపిన ఓఆర్ఎస్ ద్రావణంలో వేయవచ్చు. ఆహార పదార్థాలపై చుట్టే పలుచని ప్లాస్టిక్ పొరలో తడి ఆరకుండా గట్టిగా చుట్టవచ్చు. ఇవి దొరకకపోతే చక్కెర కలపని చల్లని పాలు సరిపోతాయి. పాలు కూడా లేకపోతే చిన్న పాత్రలో బాధితుని లాలాజలమే ఉమ్మించి అందులో పన్నును ఉంచాలి. మంచినీటిలో పన్నును నిలువ ఉంచడం సరైనది కాదు. లవణాలు లేని నీరు కణాల్లోకి చొరబడి అవి ఉబ్బి పగిలిపోయేలా చేస్తుంది. దేశంలో ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఆశా కార్యకర్తల వద్ద, మందుల దుకాణాల్లో సులభంగా దొరుకుతాయి. విరేచనాల కోసం పాఠశాలలో ఉంచిన ప్యాకెట్టే ఒక విద్యార్థి పన్నును కూడా కాపాడగలదన్నది చాలామంది ఉపాధ్యాయులకు తెలియని విషయం.

దంత వైద్యులు పన్నును సరిచేసి, పక్క పళ్ళకు సన్నని తీగతో సుమారు రెండు వారాలు కట్టి ఉంచుతారు. వేరు ఎదుగుదల పూర్తయిన పన్నుకు రెండు వారాల లోపు రూట్ కెనాల్ చికిత్స ప్రారంభిస్తారు. గాయానికి మట్టి అంటితే ధనుర్వాతం టీకా గురించి తప్పక అడగాలి. గంట దాటిపోయిందని పన్నును పారవేయవలసిన పని లేదు. దీర్ఘకాలం నిలిచే అవకాశం తగ్గినా, ఎదిగే పిల్లల్లో దవడ ఎముక ఆకృతి కాపాడేందుకు అది కొన్నేళ్ళు ఉపయోగపడుతుంది.

పాలపన్ను ఊడితే మాత్రం తిరిగి పెట్టరాదు. దాని పైన ఎముకలో ఎదుగుతున్న శాశ్వత దంతానికి దెబ్బ తగులుతుంది. పై ముందుపళ్ళు సాధారణంగా ఏడు, ఎనిమిదేళ్ళ వయసులో మారతాయి. అంతకన్నా చిన్న పిల్లలలో ఊడినది పాలపన్ను అయ్యే అవకాశమే ఎక్కువ. అయినా పన్నును వెంట తీసుకుని వైద్యులకు చూపించాలి. ఊడిన పన్ను లేదా విరిగిన ముక్క ఎంత వెదికినా కనిపించక, పిల్లవాడు ఆగకుండా దగ్గుతుంటే అది ఊపిరితిత్తుల్లోకి జారి ఉండవచ్చు. అప్పుడు ఎక్స్‌రే తప్పనిసరి.

విరిగిన, కదిలిన పళ్ళు

విరిగిన ముక్క దొరికితే దానిని కూడా పాలలో గానీ నీటిలో గానీ వేసి తీసుకువెళ్ళాలి. చాలా సందర్భాల్లో అదే ముక్కను తిరిగి అతికించగలరు. విరిగిన చోట ఎర్రని చుక్క కనిపించినా, గాలి తగిలితే జివ్వుమన్నా లోపలి భాగం బయటపడినట్లే. అదే రోజు చికిత్స అందితే, ముఖ్యంగా పిల్లల్లో, ఆ పన్ను ప్రాణం నిలిచే అవకాశం ఉంటుంది.

దెబ్బకు పన్ను లోపలికి దిగిపోయినా, పక్కకు ఒరిగినా బలవంతంగా లాగరాదు. దవడపై బయటి నుంచి గుడ్డలో చుట్టిన ఐసును 10 నిమిషాల చొప్పున ఆపి ఆపి పెట్టాలి. గట్టి పదార్థాలు కొరకరాదు. పైకి బాగానే కనిపించి, దెబ్బ తగిలిన కొన్ని వారాలకు పన్ను బూడిద రంగుకు మారితే లోపలి రక్తప్రసరణ ఆగిపోయిందని అనుమానించాలి. నొప్పి లేదన్న కారణంతో చూపించకుండా ఉండరాదు.

రాత్రివేళ పంటి నొప్పి

చల్లనివి తాగినప్పుడు క్షణం పాటు జివ్వుమని ఆగిపోయే నొప్పి తొలిదశ పుచ్చుకు, అరిగిన పంటికి సంకేతం. వేడి తగిలితే మొదలై చాలాసేపు వదలని నొప్పి, పడుకోగానే హెచ్చే నొప్పి లోపలి భాగం తీవ్రంగా వాచిందని చెబుతాయి. పడుకున్నప్పుడు తలకు రక్తప్రసరణ పెరిగి, గట్టి గోడల మధ్య ఇరుకున్న ఆ భాగంలో ఒత్తిడి హెచ్చుతుంది. రెండు దిండ్లు పెట్టుకుని తల ఎత్తుగా ఉంచితే కొంత ఊరట లభించేది అందుకే. కొరికితే పోటు పెట్టే నొప్పి వేరు చుట్టూ ఇన్ఫెక్షన్ చేరినదానికి గుర్తు. జ్ఞానదంతం సగం మొలిచి, పైన చిగురు కప్పి ఉన్నచోట ఆహారం ఇరుక్కుని వాచడం యువతలో తరచుగా కనిపించే మరో కారణం.

ఉదయం వరకు ఆగవలసి వస్తే, గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలించి, పళ్ళ మధ్య ఇరుక్కున్నదానిని దారంతో మెల్లగా తీయాలి. పిన్నీసులు, పుల్లలు వాడరాదు. లవంగ నూనెను దూదికి ఒక చుక్క అద్ది పుచ్చులో మాత్రమే ఉంచితే కొంత మొద్దుబారుతుంది. ఎక్కువైతే చిగురు కాలుతుంది; చిన్నపిల్లలకు వాడరాదు. ఆస్పిరిన్ మాత్రను పంటి పక్కన అదిమి పెట్టుకోవడం వల్ల చెంప లోపలి చర్మం తెల్లగా కాలిపోతుంది. జిల్లేడు పాలు, నాటుసారా, గుడాకు, కర్పూరం వంటివి నోటిలో పుండ్లకు కారణమవుతాయే తప్ప జబ్బును తగ్గించవు. జిల్లేడు పాలు కంటిలో పడితే చూపునకే ప్రమాదం.

మాత్రల విషయానికి వస్తే, ఆరోగ్యవంతులైన పెద్దలు పారాసిటమాల్‌ను 24 గంటల్లో 4 గ్రాములకు మించి ఎట్టి పరిస్థితిలోనూ వాడరాదు. అంటే 500 మిల్లీగ్రాముల మాత్రలు 8, లేదా 650 మిల్లీగ్రాములవి 6. మోతాదుల మధ్య కనీసం నాలుగు గంటల వ్యవధి ఉండాలి. జలుబు మాత్రల్లోనూ పారాసిటమాల్ ఉంటుంది కనుక దానిని కూడా లెక్కలో చేర్చాలి. కాలేయ వ్యాధి ఉన్నవారు, మద్యం అలవాటు ఉన్నవారు వైద్యులను అడిగి ఇంకా తక్కువ మోతాదు వాడాలి. వాపుతో కూడిన పంటి నొప్పికి ఐబుప్రొఫెన్ బాగా పనిచేస్తుంది. అయితే కడుపులో పుండ్లు, మూత్రపిండాల వ్యాధి, కొన్ని రకాల ఆస్తమా ఉన్నవారు, గర్భిణులు, డెంగీ అనుమానం ఉన్నవారు దానిని తీసుకోరాదు. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వరాదు. 12 ఏళ్ళ లోపు పిల్లలకు నిమెసులైడ్ వాడకాన్ని కేంద్ర ప్రభుత్వం 2011లోనే నిషేధించింది.

యాంటీబయాటిక్ నొప్పి మాత్ర కాదు

మందుల దుకాణానికి వెళ్ళి పంటి నొప్పి అని చెప్పి మూడు రోజుల యాంటీబయాటిక్ కొనుక్కోవడం మన దేశంలో సర్వసాధారణమైంది. పుచ్చిన పన్ను లోపలి భాగంలో రక్తప్రసరణ ఆగిపోయి ఉంటే, రక్తం ద్వారా చేరవలసిన మందు అక్కడికి చేరదు. దంత వైద్యులు పన్ను తెరిచి లోపలి భాగాన్ని శుభ్రం చేయడం, లేదా చీము తీయడం, లేదా పన్ను తీయడమే అసలు చికిత్స. వాపు పాకడం, జ్వరం, నీరసం వంటి లక్షణాలు లేని ఆరోగ్యవంతులైన పెద్దలకు, దంత చికిత్స అందుబాటులో ఉన్నప్పుడు, యాంటీబయాటిక్‌లు చాలా సందర్భాల్లో అవసరం లేదని అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది.

అవసరం లేకుండా వాడిన మందు రెండు విధాల హాని చేస్తుంది. కొద్దిరోజులు లక్షణాలను అణచి, వ్యాధిని మాత్రం లోపల మిగులుస్తుంది. సూక్ష్మజీవులు ఆ మందుకు అలవాటుపడి, నిజంగా ప్రాణం మీదికి వచ్చిననాడు అది పనిచేయకుండా పోతుంది.

ఆగని రక్తం

పన్ను తీసిన మొదటి రోజు లాలాజలంలో కొద్దిగా ఎరుపు కనిపించడం మామూలే. చెంచాడు రక్తం నోటినిండా ఉన్న లాలాజలంలో కలిసి చాలా ఎక్కువగా అనిపిస్తుంది. ధారగా వస్తుంటే, కూర్చుని, శుభ్రమైన గాజుగుడ్డను లేదా రుమాలును మందంగా మడిచి సరిగ్గా గుంట మీద ఉంచి 30 నిమిషాలు గట్టిగా కొరికి పట్టాలి. మధ్యలో తీసి తీసి చూడరాదు. ఉమ్మడం, పుక్కిలించడం, స్ట్రాతో పీల్చడం, పొగ తాగడం గడ్డకట్టిన రక్తాన్ని కదిలిస్తాయి. మరో 30 నిమిషాలు ఇదే పద్ధతిలో నొక్కినా ఆగకపోతే ఆసుపత్రికి వెళ్ళాలి.

రక్తం పలుచబడే మందులు వాడేవారు ఆ విషయం పన్ను తీయించుకోవడానికి ముందే చెప్పాలి. గుండెకు స్టెంటు వేయించుకున్నవారు, కృత్రిమ కవాటాలు ఉన్నవారు సొంత నిర్ణయంతో ఆ మందులు ఆపితే, చిగురు రక్తస్రావం కన్నా ఎన్నో రెట్లు పెద్ద ప్రమాదం ఎదురుకావచ్చు.

పన్ను తీయించుకోకపోయినా, జ్వరంతో పాటు చిగుళ్ళ నుంచి రక్తం కారితే దానిని దంత సమస్యగా చూడరాదు. డెంగీ ముదురుతున్నదనడానికి అది ఒక హెచ్చరిక. వెంటనే వైద్యుల వద్దకు వెళ్ళాలి.

పన్ను తీసిన రెండు మూడు రోజులకు, తగ్గవలసిన నొప్పి తిరగబెట్టి చెవి వైపు లాగుతుంటే, గుంటలోని రక్తపు గడ్డ జారిపోయి ఎముక బయటపడి ఉండవచ్చు. పొగతాగేవారిలో ఇది ఎక్కువ. ప్రాణాపాయం లేదు గానీ, వైద్యులు గుంట శుభ్రం చేసి మందు పెడితేనే ఉపశమనం.

దవడకు దెబ్బ, దవడలో నొప్పి

రోడ్డు ప్రమాదాల్లో పన్ను కన్నా తల ముఖ్యం. స్పృహ తప్పడం, వాంతులు, మగత, ముక్కు నుంచి గానీ చెవి నుంచి గానీ నీరులాంటి ద్రవం కారడం ఉంటే పంటి సంగతి తరువాత చూడాలి. పళ్ళు మునుపటిలా ఒకదానిపై ఒకటి కలవకపోవడం, కింది పెదవి మొద్దుబారడం, నాలుక కింద నీలిమచ్చ పడడం దవడ ఎముక విరిగినదానికి సూచనలు. ఆవలింతతో గానీ పెద్దగా నవ్వడంతో గానీ నోరు తెరిచినది తెరిచినట్లే ఉండిపోతే కీలు తప్పినట్లు. ఇంటివద్ద బలవంతంగా మూయడానికి ప్రయత్నించకుండా, గడ్డానికి చేయి ఆసరాగా పట్టి ఆసుపత్రికి చేర్చాలి.

మరో ముఖ్య విషయం. కింది దవడలో నొప్పి అన్నివేళలా పంటిదే కాదు. మెట్లు ఎక్కినా, వేగంగా నడిచినా వచ్చి, కూర్చుంటే తగ్గే దవడ నొప్పి గుండెకు సంబంధించినది కావచ్చు. చెమటలు, ఛాతీలో బరువు, ఆయాసం, ఎడమచేయి లాగడం తోడైతే అంబులెన్సును పిలవాలి. మహిళల్లో, మధుమేహ రోగుల్లో ఛాతీ నొప్పి స్పష్టంగా లేకుండానే గుండెపోటు రావచ్చు. ఏ పన్ను మీద తట్టినా నొప్పి పెరగకపోవడం, వేడి చల్లదనాలతో సంబంధం లేకపోవడం అనుమానాన్ని బలపరుస్తాయి.

ప్రత్యేక జాగ్రత్త అవసరమైనవారు

మధుమేహం అదుపులో లేనివారిలో పంటి ఇన్ఫెక్షన్ త్వరగా పాకుతుంది; ఆ ఇన్ఫెక్షన్ రక్తంలో చక్కెరను మరింత పెంచుతుంది. క్యాన్సర్ చికిత్స పొందుతున్నవారు, అవయవ మార్పిడి చేయించుకున్నవారు, స్టెరాయిడ్లు వాడేవారు చిన్న వాపునైనా అదే రోజు చూపించాలి. గుండెలో కృత్రిమ కవాటం ఉన్నవారు దంత చికిత్సకు ముందు యాంటీబయాటిక్ తీసుకోవలసి ఉంటుంది కనుక ఆ సంగతి ముందుగానే తెలియజేయాలి.

గర్భిణులు పంటి చికిత్స చేయించుకోరాదన్నది అపోహ. అత్యవసర చికిత్స ఏ నెలలోనైనా చేయవచ్చు. వాయిదా వేయగలిగినవాటికి నాలుగు నుంచి ఆరు నెలల మధ్య కాలం అనువైనది. చికిత్స లేని ఇన్ఫెక్షన్ వల్లనే తల్లికీ బిడ్డకూ ఎక్కువ ముప్పు.

ఎక్కడికి వెళ్ళాలి?

ఊపిరి, మింగుడు, వాపు, రక్తస్రావం, తల గాయం విషయాల్లో దేశమంతటా పనిచేసే 112కు గానీ, 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలై పలు రాష్ట్రాలకు విస్తరించిన 108కు గానీ ఫోన్ చేయాలి. మత్తు వైద్యులు, అత్యవసర శస్త్రచికిత్స సదుపాయం ఉన్న ఆసుపత్రికే బాధితుడిని చేర్చమని కోరాలి.

ఊడిన పన్నుకు దగ్గరలో ఉన్న ఏ దంత వైద్యులైనా సరే. పేరున్న వైద్యుల కోసం గంట ప్రయాణం చేయడం కన్నా పది నిమిషాల దూరంలోని వైద్యశాల మేలు. ప్రభుత్వ రంగంలో హైదరాబాద్, విజయవాడ, కడపలలో దంత వైద్య కళాశాల ఆసుపత్రులు ఉన్నాయి. జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమం కింద 2014–15 నుంచి ప్రభుత్వ ఆసుపత్రుల్లో దంత విభాగాలను బలోపేతం చేస్తున్నారు. ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాల సేవల్లోనూ నోటి ఆరోగ్యం చేర్చారు. వెంటనే వెళ్ళలేని గ్రామాల వారు ఇ-సంజీవని ద్వారా వైద్యుల సలహా పొందవచ్చు. అది సలహాకే గాని, పాకుతున్న వాపునకు ప్రత్యామ్నాయం కాదు.

వైద్యుల వద్దకు వెళ్ళేటప్పుడు నాలుగు వివరాలు సిద్ధంగా ఉంచుకోవాలి: సమస్య ఎప్పుడు మొదలైంది, ఇప్పటికే వేసుకున్న మాత్రలు ఏవి, ఎన్ని, రోజూ వాడే మందులు, పడని మందులు. పన్ను ఊడిన సందర్భంలో అది ఎన్ని నిమిషాలు పొడిగా ఉంది, తరువాత దేనిలో ఉంచారు అన్నది కూడా చెప్పాలి.

ముందే సిద్ధంగా ఉంటే

కబడ్డీ, హాకీ, బాక్సింగ్, క్రికెట్ ఆడే పిల్లలకు పళ్ళ రక్షణ తొడుగు, ద్విచక్ర వాహనదారులకు గడ్డం వరకు కప్పే హెల్మెట్ అనేక గాయాలను నివారిస్తాయి. పాఠశాల ప్రథమ చికిత్స పెట్టెలో గాజుగుడ్డ, చేతి తొడుగులు, మూత ఉన్న చిన్న డబ్బా, రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు, దగ్గరలోని దంత వైద్యశాల ఫోన్ నంబరు ఉంచడానికి పెద్ద ఖర్చు కాదు. వ్యాయామ ఉపాధ్యాయులకు ఏడాదికి ఒకసారి పది నిమిషాల శిక్షణ చాలు.

ఇక ఇంట్లో ఎవరికైనా పంటి నొప్పి దానంతట అదే మాయమైతే, ఆ రోజే అద్దం ముందు నిలిచి దవడ కింద, చెంప మీద వాపు ఉన్నదేమో చూసుకోవాలి. నోట్లో మూడు వేళ్ళు పడుతున్నాయో లేదో సరిచూసుకోవాలి. అంతా బాగానే ఉన్నా, ఆ వారంలోనే దంత వైద్యులకు చూపించుకోవాలి. నొప్పి పోయిన పన్నుకు కూడా చికిత్స మిగిలే ఉంటుంది.